సభలో చెప్పిన పేరు

బసవపల్లి, దిగపహండి దగ్గర
4 ఆగస్టు 1991

పుణ్యవతి అప్పకి,

నీ చెల్లెలు సీతాలు రాస్తున్నది. ఇన్నేళ్లుగా ఒక ఇంటి కోడళ్లమై ఒకే పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్లం, మనకి ఉత్తరాలతో పనేముంది? నువ్వు ఎమ్మెల్యే అయి భువనేశ్వర్ వెళ్లాక ఆ పని పడింది. అత్తమ్మ కులాసాగా ఉంది. నిన్న నీ పీట మీద పిల్లి ఎక్కి కూర్చుంటే "దిగు, అది ఎమ్మెల్యే పీట" అని తరిమింది. నువ్వు ఓట్లకి నిలబడినప్పుడు ఆడదానికి అదేం పని అని అలిగి అన్నం మానేసిన మనిషే ఇప్పుడు ఇలా ఉంది. నీ ఎదుట మాత్రం ఒక్క మంచిమాట అనదని నీకూ తెలుసు.

ఇక్కడ వరి ఊడ్పులు సాగుతున్నాయి. ఏటికి ఇవతల పొలం నేనూ మీ మరిదీ మనుషుల్ని పెట్టి వేయించాం. అవతలి పొలం ఎప్పటిలాగే పైడన్న సగపాలుకి చేస్తున్నాడు. వాడు దమ్ము పట్టిన మడి చూస్తే అందులో ముఖం చూసుకోవచ్చు.

అసలు సంగతి ఎరువుది. ధర పెంచారని రేడియోలో చెప్పిన మర్నాడే సొసైటీ ముందు జనం కొట్టుకున్నంత పని చేశారు. ఊళ్లో అందరికంటే ఎక్కువ భూమి ఉన్న జగ్గన్న మన అరుగు మీద కూర్చుని అన్నాడు: "ఇయాల ఎరువు. రేపు ఇత్తనం. ఎల్లుండి దాన్నానికి మద్దతు దర కూడా తీసీస్తారు. మీ పెద్ద కోడలు సబలో నోరిప్పకపోతే మనమంతా ఆయమ్మనెందుకు పంపినట్టు?"

దీని మీద మీ అసెంబ్లీలో బిల్లు వస్తోందట కదా. సబ్సిడీ తీసేయవద్దని నువ్వు గట్టిగా మాట్లాడాలి అప్పా. మనింటి మనిషి అక్కడ ఉందని ఊరంతా ధైర్యంగా ఉంది. నేను ఏటికి నీళ్లకి వెళ్తే ఇదివరకు మీ మరిది పేరు పెట్టి దేముడు పెళ్లాం అనేవారు, ఇప్పుడు పుణ్యవతి చెల్లెలు అంటున్నారు.

నీ గొంతు రేడియోలో వినిపిస్తుందేమోనని బ్యాటరీలు కొత్తవి వేయించిన
సీతాలు


భువనేశ్వర్
12 ఆగస్టు 1991

చెల్లీ సీతాలూ,

నీ ఉత్తరం క్వార్టర్స్ మెట్ల మీదే నిలబడి చదివాను. పిల్లి సంగతి రెండోసారి కూడా చదివాను.

సభలో నా కుర్చీ వెనక వరసలో, తలుపు పక్కన ఉంది. మాట్లాడాలంటే లేచి, చెయ్యి ఎత్తి, స్పీకర్ గారి చూపు మన మీద పడేదాకా అలాగే నిలబడాలి. దిగపహండిలో బరంపురం బస్సు కోసం నిలబడటం అలవాటైన దాన్ని కాబట్టి నాకు కష్టంగా లేదు. అందరూ ఒడియాలో మాట్లాడతారు. నా ఒడియాలో తెలుగు యాస ఉందని మొదటి రోజు కొందరు నవ్వారు. ఉంటుంది మరి. మన వైపు వాళ్లందరి ఒడియాలోనూ ఉంది.

బిల్లు వచ్చింది. నువ్వు అనుకుంటున్నట్టు సబ్సిడీ మొత్తం తీసేసేది కాదు. విత్తనం మీదా ఎరువు మీదా రాష్ట్రం ఇచ్చే రాయితీ ఇకనుంచి ఎవరి పేరున పట్టా ఉంటే వాళ్లకే ఇస్తారు. ధాన్యం కూడా మద్దతు ధరకి పట్టా ఉన్నవాళ్ల దగ్గరే కొంటారు. రైతు పేరు చెప్పుకుని దళారులు తినేస్తున్నారు, దాన్ని ఆపడానికి అని పైన రాశారు. చదివితే న్యాయంగానే కనిపిస్తుంది. కాని నాకు మనసులో ఒకటి గుచ్చుకుంటోంది. మాట్లాడే ముందు మనింటి సంగతి తెలుసుకోవాలి. పైడన్న తన వాటా ధాన్యం ఎక్కడ అమ్ముతున్నాడు, ఎవరి పేరున అమ్ముతున్నాడు, కనుక్కుని వెంటనే రాయి.

గంట మోగుతోంది, లోపలికి వెళ్లాలి. అత్తమ్మకి మోకాళ్లకి రాసే తైలం మీ బావగారి మందుల షాపుకి పంపాను, అడిగి తీసుకోండి.

పుణ్యవతి


బసవపల్లి
20 ఆగస్టు 1991

అప్పా,

నువ్వు అడగమన్నావని అడిగాను. అడగకుండా ఉంటే బాగుండేది.

పైడన్న కలుపు తీయించి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నీ వాటా ఎవరి పేరున అమ్ముతున్నావు అన్నాను. వాడి మొహం మాడిపోయింది. "నా మీద అనుమానమేటమ్మా? నా పాలు నానమ్ముకున్నాను. మీ పాలులో ఒక్క గింజ తగ్గిందేటి?" అన్నాడు. అనుమానం కాదు, పెద్దమ్మ అడగమంది అన్నాను. దాంతో ఇంకా చెడింది. నేను తీసుకెళ్లిన మజ్జిగ ముట్టకుండా లేచి వెళ్లిపోయాడు. మర్నాడు వాడి భార్య చిట్టమ్మ వచ్చి గుమ్మంలో నిలబడి చెప్పింది: "సబలో కూకున్న పెద్దమ్మ మా అమ్మకాలు అడుగుతందంటే పొలం తీసీడానికే గదా. ఈ పంట కోసీసి మేమే ఒగ్గీస్తాం. గెంటించుకోడం మావల్ల కాదు."

వాడు ఎక్కడ అమ్ముతాడంటే, దిగపహండిలో కిరాణా వ్యాపారికి. సొసైటీ వాళ్లు పట్టా అడుగుతారు, వాడికి లేదు. అందుకని మనకి వచ్చే ధర వాడికి ఎప్పుడూ రాలేదట. అదే మడి, అదే ధాన్యం. ఇన్నేళ్లూ మనం ఎవరమూ అడగలేదు, వాడూ చెప్పలేదు.

ఇది చాలదన్నట్టు బావగారు ఒడియా పేపరు తెచ్చారు. "పొలం దున్నని వారికి సబ్సిడీ ఎందుకు?" అని నీ పేరుతో పెద్ద అక్షరాలు. ఏటి రేవు దాటేసరికి అది "సబ్సిడీ ఎందుకు?" అయిపోయింది. పుణ్యవతి రైతులకి సబ్సిడీ వద్దందని ఊరంతా అదే మాట. మీ మరిది కంచం ముందు నుంచి లేచిపోయాడు. "మన ఓట్లతో ఎల్లి మన నోట్లోనే మట్టి కొట్టింది" అన్నాడు. అత్తమ్మ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతే నాకు ఎక్కువ భయం.

నీ తరఫున నేను మాట్లాడదామనుకున్నాను. కాని నువ్వు ఏమన్నావో నాకే తెలియనప్పుడు ఏమని మాట్లాడను? మేము నిన్ను పంపింది ఒకందుకు, నువ్వు చేస్తున్నది ఇంకొకటి అని అనిపిస్తోంది. కోపంతో రాయడం లేదు అప్పా. కాని సంతోషంతో కూడా రాయడం లేదు.

సీతాలు


భువనేశ్వర్
29 ఆగస్టు 1991

సీతాలూ,

పైడన్నని నొప్పించానని చదివి అన్నం సహించలేదు. ఎందుకు అడుగుతున్నానో ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది, ఆ గంట నన్ను తొందరపెట్టింది. కాని నీ ఉత్తరం నాకు కావలసింది చెప్పింది. అదే మడి, అదే ధాన్యం, ధర వేరు. ఈ మాట నీదే. నిన్న సభలో దీన్నే ఒడియాలో చెప్పాను.

మొత్తం రాస్తాను, అత్తమ్మకి చదివి వినిపించు. మా మరిదిని కూడా కూర్చోబెట్టు.

ఒడియాలో భాగచాషీ అంటారే, పైడన్నలాగా ఇతరుల భూమిని పాలుకి చేసేవాళ్లు, మన జిల్లాలో ఎక్కడ చూసినా వాళ్లే. ఈ బిల్లు ఇలాగే పాసైతే ఎరువు రాయితీ నాగలి పట్టనివాడికి వెళ్తుంది. పట్టినవాడు పూర్తి ధర పెట్టి కొంటాడు, తక్కువ ధరకి అమ్ముకుంటాడు. అందుకని నేను ఒక సవరణ పెట్టాను. సాగు ఎవరు చేస్తే రాయితీ వాళ్లకి, ధాన్యం ఎవరు పండిస్తే మద్దతు ధర వాళ్లకి. ఆ పేపరు మాట సభలో అన్నది కాదు, అంతకుముందు బయట ఒక విలేకరి అడిగితే అన్నది; అక్కడా ఇక్కడా సబ్సిడీ వద్దని నేను అనలేదు. ఎవరికి అందాలో అన్నాను.

నేను మాట్లాడుతుండగా ఎదుటి బెంచీల నుంచి ఒక సభ్యుడు లేచాడు. "గౌరవ సభ్యురాలు భాగచాషీల కోసం చాలా బాధపడుతున్నారు. ఆమె సొంత ఇంటి భూమిని ఎవరు సాగు చేస్తున్నారో సభకి చెప్పగలరా?" అన్నాడు. సభంతా నవ్వింది. మా వైపు వాళ్లు కూడా.

"పైడన్న" అన్నాను.

నవ్వు కొంచెం తగ్గింది. పేరు చెబుతానని ఎవరూ అనుకోలేదు.

"ఆ పైడన్న పేరు మీ సొసైటీలో సాగుదారుగా రాయించగలరా? లేక ఈ ధర్మం ఇతరుల భూములకేనా?"

"రాయిస్తాం" అన్నాను.

చూశావా చెల్లీ, రాయిస్తాను అనలేదు, రాయిస్తాం అన్నాను. భూమి అత్తమ్మ పేరున ఉంది. నేను ఆమెని అడగలేదు, మిమ్మల్నెవరినీ అడగలేదు. అక్కడ నిలబడి అడిగి వస్తానంటే ఆ సభ్యుడు గెలిచినట్టే. నాకు అప్పుడు తోచింది ఒకటే. మా ఇంట్లో వాళ్లు కాదనరు అని. అది నా నమ్మకం. మీ మాట ఇంకా వినలేదు.

వచ్చే వారం ఓటింగు. సమావేశాలు విడిచి నేను రాలేను. అత్తమ్మ ఒప్పుకోకపోతే నాకు కబురు చెయ్యండి. అందరి ముందూ లేచి, మా ఇంటి వాళ్లు ఒప్పుకోలేదు అని చెప్తాను. వాళ్లు నవ్వుతారు. నవ్వనీ. అబద్ధం మాత్రం చెప్పలేను.

పైడన్నకి చెప్పు, పొలం తీసుకోవడానికి కాదు.

పుణ్యవతి


తంతి
దిగపహండి, 5 సెప్టెంబరు 1991

పైడన్న పేరు రాయించాం. అత్తమ్మ వేలిముద్ర వేసింది. వివరంగా ఉత్తరం. సీతాలు.


బసవపల్లి
6 సెప్టెంబరు 1991

అప్పా,

నిన్న ఇచ్చిన తంతి నీకు ముందు చేరి ఉంటుంది. అది రాసిన పోస్టుమాస్టరు, ఇదేమి తంతి, పెళ్లా చావా అన్నాడు. రెండూ కాదు బాబూ, అసెంబ్లీ అన్నాను.

మొదటి నుంచి రాస్తాను. నీ ఉత్తరం చదవడం పూర్తయ్యేసరికి మీ మరిది లేచి నిలబడ్డాడు. అత్తమ్మ చేటలో చోళ్లు చెరుగుతోంది. ఆపలేదు. ఆమె ఏమీ చెప్పకముందే జగ్గన్న వచ్చాడు, వెంట మరి ఇద్దరు రైతులు. నువ్వు సభలో అన్న మాట వాళ్లకి అప్పటికే తెలిసిపోయింది.

జగ్గన్న మెత్తగానే మొదలుపెట్టాడు. "పెద్దమ్మా, నీ కోడలు సబలో తొందరపడి మాట జారింది. బూమి నీది. నన్నడగనేదు, నాకు తెల్దు అని ఒక్క కాయితం మీద సెప్పీ. మేం బువనేశ్వర్ పంపుతాం. నీ బూమికి డోకా ఉండదు, మా బూములకీ ఉండదు."

అత్తమ్మ చేట కింద పెట్టింది. "నన్ను అడగనేదు అన్నది నిజమే" అంది.

"అదే రాయి పెద్దమ్మా."

"అది రాస్తే సబలో ఏటనుకుంటారు?"

"నీ కోడలు అబద్దమాడింది అనుకుంటారు. మనకేటి?"

"మీకేటి నేదు" అంది అత్తమ్మ. "నా కోడలు అబద్దమాడిందని నా సేత ఏలుముద్ర ఏయించాలని నా అరుగెక్కినారా? ఆల సబలో మీ ఇల్లు ఏటి సేస్తాదని అడిగినారు. ఇది సేస్తాదని మా కోడలు సెప్పింది. మేం సేసీస్తే అది నిజమైపోద్ది. ఎల్లండి."

వాళ్లు వెళ్లాక మీ మరిది అడిగాడు: "అమ్మా, రేపు పైడన్న పొలమే నాదంటే?"

"నీకంత బయ్యముంటే నువ్వే ఎల్లి దున్ను. ఏటి అవతలికి నువ్వెల్లి ఎన్నాళ్లయింది?"

నిజం రాస్తున్నాను అప్పా, ఆ భయం నాకూ ఉంది. ఆ పొలం వరితోనే మా పిల్లలు తింటున్నారు. అయినా పైడన్న ఇంటికి నేనే వెళ్లాను, ఆ రోజు వాడు మజ్జిగ ముట్టకుండా లేచిపోయింది నా మాటకే కాబట్టి. నన్ను చూసి చిట్టమ్మ లోపలికి వెళ్లిపోయింది. పొలం తీసేయడానికే వచ్చాననుకుంది. నేను గుమ్మంలోనే కూర్చుని నీ ఉత్తరం చదివాను. చదువుతుంటే పైడన్న దగ్గరికి జరిగాడు.

"ఆ సబలో నా పేరు సెప్పిందా పెద్దమ్మ?"

"చెప్పింది."

"అంత మంది ముందరా?"

"అంతమంది ముందరే."

వాడు లేచాడు. తలపాగా చుట్టుకుని "ఎప్పుడెల్దాం?" అన్నాడు.

మర్నాడు అత్తమ్మ పెళ్లిళ్లకి కట్టే జరీ చీర కట్టింది. బస్సులో కిటికీ దగ్గర కూర్చుంది. సొసైటీ సెక్రటరీ మా కాగితం తిప్పి తిప్పి చూశాడు. పలానా పొలం పైడన్న సాగు చేస్తున్నాడు, ఎరువూ అమ్మకమూ అతని పేరునే జరగాలి, భూయజమాని బుల్లమ్మ అని రాసి ఉంది. "ఇలా తీసుకోవడానికి రూలు లేదమ్మా" అన్నాడు ఒడియాలో.

అత్తమ్మ తెలుగులోనే చెప్పింది: "రూలు ఎనకాల వొస్తాది. మా కోడలు తెస్తాది. ముందు కాయితం తీసుకో."

సెక్రటరీకి తెలుగు వచ్చు. నవ్వు ఆపుకుని, తీసుకున్నట్టు ముద్ర వేశాడు.

నువ్వు నమ్మావు చూడు, మేము కాదనమని. ఆ సంగతి నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంది. నా మీద నాకే అంత నమ్మకం ఉండేది కాదు. ఇప్పుడు ఉంది.

సీతాలు


భువనేశ్వర్
13 సెప్టెంబరు 1991

నా చెల్లెలు సీతాలుకి, మా అత్తగారు బుల్లమ్మ గారికి,

ఈసారి ఇద్దరికీ కలిపి రాస్తున్నాను.

తంతి ఓటింగు రోజున చేరింది. సభ మధ్యలో ఒక అటెండరు తెచ్చి చేతిలో పెట్టాడు. పక్కనున్నావిడ చావు కబురేమోనని నా చెయ్యి పట్టుకుంది.

సవరణ మీద నా వంతు వచ్చింది. ఆ ఎదుటి సభ్యుడు నేను నోరు తెరవకముందే, "ఇంటి నుంచి ఏమైనా కబురు వచ్చిందా?" అన్నాడు. వెనక నుంచి ఎవరో నవ్వారు. వచ్చింది అని తంతి చదివాను. మొదట ఒడియాలో, తర్వాత స్పీకర్ గారి అనుమతి అడిగి తెలుగులో. అత్తమ్మ వేలిముద్ర వేసింది అన్న మాట తెలుగులోనే చెప్పాలనిపించింది.

బల్లలు చరిచారు. మొదట మా వెనక వరసలో, తర్వాత ఎదుటి వైపు కూడా కొందరు. ఆ సభ్యుడు లేచి, "నేను అడిగిన దానికి సమాధానం వచ్చింది" అని కూర్చున్నాడు. ఆ మాట వరకు ఆయన పెద్దమనిషే.

సవరణ ఓడిపోయింది. భూములున్నవాళ్లు అన్ని పార్టీల్లోనూ ఉన్నారు. అయితే మంత్రిగారు వెంటనే తనే ఒక మాట చేర్చారు. భూయజమాని ఇష్టపడి రాసిస్తే సాగుదారుకి రాయితీ అందుతుంది, అతని పేరునే ధాన్యం కొంటారు. అది నెగ్గింది. అత్తమ్మ సెక్రటరీకి చెప్పిన రూలు అదే. కాగితం ముందు వెళ్లింది, రూలు తర్వాత వచ్చింది.

బయటికి వస్తుంటే ఒక పెద్దాయన, "ఇష్టపడి రాసిచ్చే యజమాని ఎక్కడున్నాడమ్మా?" అని నిట్టూర్చాడు. "బసవపల్లిలో ఉంది" అన్నాను.

సీతాలు ఉత్తరం నిన్న అందింది. నన్ను ఇక్కడ గౌరవ సభ్యురాలు అని రోజూ పిలుస్తారు. అది కుర్చీకి దక్కే మర్యాద. మా కోడలు సెప్పింది అని అరుగు మీద అన్న మాట అలాంటిది కాదు. ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి ఇక చదవలేకపోయాను, కాగితం మడిచి కొంగులో కట్టుకుని తిరిగాను.

మీ ఇంటి కోడలు
పుణ్యవతి


బసవపల్లి
9 జనవరి 1992

అప్పా,

నువ్వు పండక్కి రాలేనన్నావని అత్తమ్మ పైకి తిడుతోంది. సభ పని సభ పనేనని జనానికి మాత్రం చెబుతోంది. కోతలయ్యాయి, నూర్పులయ్యాయి. ఏటి అవతలి పొలం ఈసారి మా పొలం కంటే బాగా పండింది. ఎరువు వేళకి అందింది కదా.

ఊళ్లో సంగతి రాస్తాను. జగ్గన్న రాసివ్వలేదు. అతని పొలం చేసే అప్పయ్య అడిగితే, ఆ పొలం ఇంకొకడికి ఇచ్చుకుంటానని బెదిరించాడు. మనకి ఎదురింటి కూర్మమ్మ మాత్రం రాసిచ్చింది. బుల్లమ్మ చేసింది నేను చెయ్యలేనా అని పంతం. అవతలి వీధిలో ఇంకో ఇంటివాళ్లు కూడా ఇచ్చారు. తక్కినవాళ్లు చూస్తున్నారు. అత్తమ్మ నిన్ను ఒకటి అడగమంది. బిల్లులో "ఇష్టపడి" అన్న మాట ఉన్నంతకాలం జగ్గన్నలాంటివాళ్లు ఇష్టపడరు. వచ్చే సమావేశాల్లో ఆ మాట తీయించమంది. తీయిస్తావా అని కాదు, ఎప్పుడు తీయిస్తావు అని అడిగింది.

నిన్న ధాన్యం దిగపహండి తోలాం. బండి కట్టింది మీ మరిదే. పైడన్న వద్దంటున్నా వినకుండా బస్తాలు తనే ఎత్తాడు. దారిలో ఇద్దరూ తెగుళ్ల గురించి, ఎద్దుల గురించి మాట్లాడుకున్నారు, కాగితం ఊసు ఎత్తలేదు. నేనూ చిట్టమ్మా వెనక నడిచాం. చిట్టమ్మ కొత్త గాజులు వేసుకుంది.

కొనుగోలు దగ్గర వరస పెద్దదే. మా వంతు వచ్చేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. తూకం పట్టే మనిషి మొదటి బస్తా విప్పి, గుప్పెడు గింజలు అరచేతిలో నలిపి, బాగుందన్నట్టు తల ఊపాడు. రాసే గుమస్తా తల ఎత్తకుండానే అడిగాడు: "ఈ ధాన్యం ఎవరిది?"

ఎద్దుల ముకుతాడు పట్టుకుని నిలబడ్డ మీ మరిది అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. తెరిచి, మళ్లీ మూసుకుని, పైడన్న వైపు చూశాడు.

పైడన్న ఒక అడుగు ముందుకి వేశాడు.

"నాది బాబూ" అన్నాడు. "నానే పండించినాను."

సీతాలు